రెండో మేకు

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే కోడలి కంటబడింది గోడకున్న రెండో మేకు.

నిన్న సాయంత్రం దాకా ఆ గోడకి ఒకటే మేకు ఉండేది. దానికి ఒక పాత టెస్టరు వేలాడుతూ ఉంటుంది. మొనదేలిన ఇనప పుల్ల, గాజులాంటి ప్లాస్టిక్ పిడి, పిడిలో చిట్టి బల్బు, వెనక పొడుగాటి వైరు, వైరు చివర క్లిప్పు. ఎనిమిదేళ్లుగా అది అక్కడి నుంచి దిగడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు దానికి జానెడు దూరంలో కొత్త మేకు తళతళలాడుతోంది. సుత్తి దెబ్బకి రాలిన సున్నం ఇంకా నేల మీద అలాగే ఉంది. అది ఎవరి కోసం దిగిన మేకో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆ షెడ్డులో చట్టమంతా మేస్త్రీ నోట్లోనే ఉంటుంది. మేస్త్రీ అంటే ఆమె మామగారు. ముప్ఫై ఏళ్లుగా కార్లలో కరెంటు పని చేస్తున్నవాడు. బానెట్ ఎత్తకుండానే హారన్ విని బ్యాటరీ వయసు చెబుతాడు. చెప్పింది తప్పయితే బ్యాటరీయే సరిగ్గా లేదంటాడు.

షెడ్డు గుమ్మంలో ఆయన పసుపు రంగుతో ఒక గీత గీయించాడు. బండి ఆ గీత దాటి లోపలికి వస్తుంది. బండి తెచ్చిన మనిషి మాత్రం దాటకూడదు. "బండి అబద్ధమాడదు. మనిషి ఆడకుండా ఉండలేడు. మనిషి చెప్పింది వింటూ కూర్చుంటే మన పని తెల్లారినట్టే" అంటాడు. కాబట్టి వచ్చినవాళ్లు తమ గోడు మొత్తం గీత అవతల బల్ల వేసుకుని కూర్చునే అత్తగారికి చెప్పుకోవాలి. ఆవిడ అంతా ఓపిగ్గా వింటుంది, అయ్యో పాపం అంటుంది, తర్వాత చీటీ మీద రెండు ముక్కలు రాసి లోపలికి పంపుతుంది. ఒకాయన తన కారు కష్టాలు అరగంట చెప్పుకుని ఏడ్చినంత పని చేస్తే ఆవిడ రాసింది "లైటు లేదు".

గీత తర్వాత నల్లతీగ. ఎప్పుడో ఒకసారి ఒక బండిలో ఎర్త్ వదులై, కంప్యూటరు పెట్టె మేస్త్రీ చేతుల్లోనే కాలిపోయింది. ఆ దెబ్బతో ఆయన బొటనవేలంత లావు నల్ల కేబులు ఒకటి, రెండు కొసలకీ క్లిప్పులు పెట్టి తయారుచేసుకున్నాడు. ఏ బండి లోపలికి వచ్చినా ముందు అది తగిలించాల్సిందే. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఎడమ హెడ్‌లైటు పక్కనుండే రంగు లేని బోల్టుకి. తన చేత్తోనే తగిలిస్తాడు, బండి వెళ్లేటప్పుడు తన చేత్తోనే తీస్తాడు. ఇంకొకరు ముట్టుకుంటే ఒంటికాలి మీద లేస్తాడు. ఆ తీగ వచ్చాక ఆ షెడ్డులో ఒక్క కంప్యూటరు కూడా కాలలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక మేకు సంగతి. బాగుచేసి పంపిన బండి అదే రోగంతో మూడోసారి వస్తే, ఆ రోజే రోగం దొరకాలి. దొరక్కపోతే ఆ పని చేసినవాళ్ల టెస్టరు గోడెక్కుతుంది, వాళ్లు కరెంటు పని వదిలేయాలి. పాత మేకుకున్న టెస్టరు మేస్త్రీ సొంత తమ్ముడిది. కోడలికి చిన్నమామయ్య. ఎనిమిదేళ్ల కిందట ఒక తెల్ల కారు ఆయన్ని మూడుసార్లు తిప్పి తిప్పి ముంచింది. అప్పట్నుంచి ఆయన షెడ్డు మూలన కూర్చుని టైర్లకి పంక్చర్లు వేస్తున్నాడు. వైరు వంక కన్నెత్తి చూడడు. షెడ్డులో అన్నిటి మీదా దుమ్ము పేరుకుంటుంది కానీ ఆ టెస్టరు మీద మాత్రం ఉండదు. మేస్త్రీయే తుడుస్తుంటాడేమో అనుకునేది కోడలు.

సొంత తమ్ముణ్ణే వదలని మనిషి, కోడల్ని వదులుతాడా?

ఆమెకి ఈ పని ప్రాణం. పెళ్లికి ముందు రెండేళ్లు కార్ల కరెంటు పని చదువుకుంది. సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు మేస్త్రీ ఆమెని అడిగిన మొదటి ప్రశ్న, "రిలేకి ఎన్ని కాళ్లు?" అని. రిలే అంటే కరెంటుని కలిపి విడదీసే చిన్న డబ్బా. "నాలుగు. ఐదు కాళ్లవి కూడా ఉంటాయి. మీకు ఏది కావాలి?" అంది ఆమె. ఆ జవాబుకే సంబంధం ఖాయమైందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లికొడుకుని అడిగినవాళ్లు లేరు. అతను రైలు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. ఏడాదిన్నరగా ఆ కరెంటు బల్ల ఆమెది. ఆ బల్ల మీద ఆమె మీటరు, ఆమె టెస్టరు, ఆమె చేతిరాతతో డబ్బాలు. సాయంత్రానికల్లా అవన్నీ తీసి అత్తగారి పక్కన కూర్చుని చీటీలు రాసుకోవాలంటే ఆమెకి తల కొట్టేసినట్టు ఉంటుంది.

నిన్న ఫోనులో చెప్పినట్టే పదింటికి కారు వచ్చింది. చిన్న నీలం కారు, కేకులమ్మది.

కేకులమ్మకి అరవై ఏళ్లుంటాయి. ఇంట్లోనే పెళ్లి కేకులు చేసి, తన కారులో తనే తీసుకెళ్లి ఇచ్చి వస్తుంది. రెండు నెలలుగా ఆమెకి ఒకటే గోల, దారిలో ఏసీ ఆగిపోతోందని. మొదటిసారి వచ్చినప్పుడు కోడలు రిలే మార్చింది. రెండోసారి గ్యాసు ఒత్తిడి చూసే ప్రెషర్ స్విచ్చు మార్చింది. ఆ రెండుసార్లూ షెడ్డులో ఏసీ మంచు కురిపించింది. ఆ రెండుసార్లూ కేకు దారిలో పాడైంది. మొదటి కేకు పై అంతస్తు జారి కింద అంతస్తు మీద కూర్చుంది. రెండో కేకులో పెళ్లికూతురి బొమ్మ క్రీములో నడుం లోతు దిగబడిందట.

"ఇవాళ మూడంతస్తులమ్మా! మూడింటికి బయల్దేరాలి, గంటన్నర ప్రయాణం. పెళ్లి మా చెల్లెలి మనవరాలిదే. ఇది కూడా కరిగిందంటే ఇక మా వాళ్ల ముందు తలెత్తుకోలేను" అని గీత అవతలి నుంచే అరిచింది కేకులమ్మ.

"మీరు అలా కూర్చోండమ్మా" అన్నాడు మేస్త్రీ. నల్లతీగ తెచ్చి, ఒక కొస బ్యాటరీకి, ఒక కొస బోల్టుకి తగిలించాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "మూడింటి దాకా టైముంది, అమ్మాయ్" అన్నాడు.  

చీటీ వచ్చింది. "ఏసీ ఆగుతోంది."

కోడలు పని మొదలుపెట్టింది. ఏసీ గ్యాసుని తిప్పే కంప్రెసరు ముందు పళ్లెంలాంటి ప్లేటు ఒకటి ఉంటుంది. ఏసీ వేయగానే ప్లేటు వెనకున్న కాయిలుకి, అంటే రాగితీగ చుట్టకి, కరెంటు అంది, అయస్కాంతమై, ప్లేటును టక్కుమని లాక్కుంటుంది. ప్లేటు తిరిగితేనే చలువ. కరెంటు తగ్గితే వదిలేస్తుంది, అప్పుడు వచ్చేది వట్టి గాలి. చెప్పడానికి అంతే. కానీ ఆ కరెంటు ఫ్యూజు దాటి, స్విచ్చు దాటి, రిలే దాటి వచ్చే దారిలో ఎక్కడైనా దొంగ దాక్కోవచ్చు.

ఆమె ఒక్కొక్క చోటా మీటరు పెట్టింది. ఫ్యూజు బాగుంది. రిలే తను వేసిందే, బాగుంది. స్విచ్చు బాగుంది. గ్యాసు సరిపడా ఉంది. కాయిలు దగ్గర కరెంటు నిండుగా ఉంది. వైర్లు పట్టుకుని ఊపింది, గుంజింది, వంచింది. ఏసీ వేసినప్పుడల్లా ప్లేటు టక్కుమని పట్టుకుంది. ముందరి కంతల్లోంచి వచ్చే గాలికి వేళ్లు కొంకర్లు పోయాయి. బయట ఎండ ఫెళఫెళ కాస్తుంటే కోడలు కారులో చలికి వణుకుతూ ఏడుపు ఆపుకుంటోంది. బాగా పనిచేస్తున్నందుకు ఒక కారుని తిట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

పదకొండున్నర అయింది. మేస్త్రీ దూరం నుంచి చూస్తున్నాడు. కొత్త మేకు కూడా చూస్తున్నట్టే ఉంది ఆమెకి.

చప్పున మీటరు బల్ల మీద పెట్టేసి గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు మేస్త్రీ.

"గీత అవతలికి."

"మనిషితో మాట్లాడటానికేనా? మన షెడ్డులో..."

"వచ్చినవాళ్లు గీత దాటి లోపలికి రాకూడదన్నారు మామయ్యా. మనం దాటి బయటికి వెళ్లకూడదని ఎప్పుడూ అనలేదుగా!"

మేస్త్రీ నోరు తెరిచి, తన చట్టంలో ఎక్కడైనా ఆ ముక్క ఉందేమోనని వెతుక్కున్నాడు. మూలన చిన్నమామయ్య టైరు చాటున నవ్వు ఆపుకున్నాడు. అలా వెతుక్కునేలోపు కోడలు కేకులమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఏసీ ఎప్పుడెప్పుడు ఆగుతుంది? రోజూనా?"

"రోజూ కాదు తల్లీ, అదేగా నా ఏడుపు! కూరగాయలకి వెళ్తే ఆగదు. మా అక్కావాళ్లింటికి వెళ్తే ఆగదు. కేకు ఎక్కిందా, ఆగుతుంది. కారుకి నా కేకంటే పడదు."

"ఇది మీరు ముందే చెప్పారా?"

"వచ్చిన ప్రతిసారీ చెప్పాను! మీ అత్తగారినే అడుగు."

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు చీటీల కట్ట అటూ ఇటూ సర్దింది. "కారుకి కేకంటే పడదని చీటీలో ఎలా రాస్తారే? మీ మామయ్య నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లడూ?" అంది.

కోడలు చప్పున నిటారుగా కూర్చుంది. కేకున్నప్పుడే ఆగుతుంది! అంటే కేకున్న రోజు ఈవిడ చేసే పని ఏదో ఉంది, మిగతా రోజుల్లో చేయనిది. "పదండి పెద్దమ్మా, కారెక్కండి. కేకు ఉందనుకుని నడపండి. ఆ రోజు ఏం చేశారో అచ్చం అదే చేయాలి. ఒక్కటి కూడా వదలొద్దు."

మేస్త్రీ తీగ విప్పి, బండిని గీత అవతలికి తీసి పెట్టాడు. "వెళ్లు, వెళ్లు. రోడ్డు మీద తిరిగితే రోగం తగ్గుతుందంటే మనకి షెడ్డు ఎందుకు, రోడ్డే చాలు" అన్నాడు. ఆయనకీ లోపల ఆత్రంగానే ఉంది, కానీ బయటపడితే మేస్త్రీ ఎలా అవుతాడు?

కేకులమ్మ ఉన్నది లేనట్టు నటించే మనిషి కాదు. కేకు లేకుండా నా చేతికి నడక రాదంది. చిన్నమామయ్య లేచి వెళ్లి మూడు పాత టైర్లు, పెద్దదాని మీద చిన్నది చొప్పున, వెనక సీటు మీద పేర్చి పెట్టాడు. కేకులమ్మ వాటిని చూసి తృప్తిపడి, వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. అద్దాలు బిగించింది. ఏసీ వేసింది. తర్వాత పెద్ద లైట్లు వేసింది. ఆ తర్వాత నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారే వేసింది.

"ఇదేంటి పెద్దమ్మా? మిట్టమధ్యాహ్నం లైట్లెందుకు?"

"కేకు వెళ్తోందని జనానికి తెలియొద్దూ? లైట్లు చూసి పక్కకి తప్పుకుంటారు."

కారు కదిలింది. కదిలిందని చెప్పుకోవాలి కాబట్టి చెప్పుకోవడమే. కేకులమ్మ కేకుతో నడిపే వేగానికి చీమలు కూడా విసుక్కుంటాయి. సైకిళ్లు దాటిపోయాయి. కర్ర పట్టుకుని నడుస్తున్న ఒక ముసలాయన కూడా దాటిపోయి, లైట్లు చూసి ఎవరో పోయారనుకున్నాడో ఏమో, ఆగి తల వంచాడు. వెనకున్న మూడు టైర్లూ గౌరవంగా కూర్చుని ఉన్నాయి. కోడలు నవ్వే స్థితిలో లేదు. ఆమె అరచేయి గాలి వచ్చే కంత దగ్గరే ఉంది.

అయిదు నిమిషాలు, చల్లగా. ఎనిమిది నిమిషాలు, చల్లగా. మలుపు దాటాక ఇంజను ముందరి ఫ్యాను గుర్రుమని అందుకుంది. ఒక్క క్షణం. చేతికి తగిలే గాలి మెత్తబడింది. ఇంకో క్షణానికి గోరువెచ్చగా అయింది.

"ఆగిపోయింది!" అని అరిచింది కోడలు. "పెద్దమ్మా, ఆగిపోయింది! ఆగిపోయింది!" సీటు మీద ఎగిరి గంతేసినంత పని చేసింది.

"నా ఏసీ ఆగిపోతే నీకు అంత సంబరమేంటమ్మా?" అంది కేకులమ్మ, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

"కారు పక్కకి తీయండి! ఇంజను ఆపొద్దు, ఏదీ ఆపొద్దు!"

కోడలు దూకి బానెట్ ఎత్తింది. ఫ్యాను తిరుగుతోంది. కంప్రెసరు ప్లేటు కదలకుండా నిలబడి ఉంది. రెండు నెలలుగా తప్పించుకు తిరిగిన దొంగ ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకి.  టెస్టరు మొన కాయిలుకి వచ్చే వైరుకి ఆనించింది. బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది, కాయిలు మాత్రం పట్టడం లేదు! ఇంకొక్క నిమిషం ఉంటే తేలిపోయేదే. కానీ వెనక బస్సు హారన్ కొట్టింది, దాని వెనక లారీ కొట్టింది, రోడ్డంతా గొంతు విప్పింది. కేకులమ్మ బెదిరిపోయి అన్నీ ఆపేసింది.

"కాయిలే! వేడెక్కితే నీరసపడిపోతోంది. షెడ్డుకి పోనివ్వండి పెద్దమ్మా, గబగబా పోనివ్వండి. కేకు లేదనుకోండి" అంది కోడలు.

ఒంటిగంటకి కేకులమ్మని గీత దగ్గర దింపి, కోడలు కారుని లోపలికి తెచ్చింది. "దొరికింది మామయ్యా! కాయిలు!" అని కోడలు కేకలు పెడుతుండగానే మేస్త్రీ నల్లతీగ తగిలించాడు. ఇంజను వేడిగానే ఉంది. కోడలు ఏసీ వేసింది, పెద్ద లైట్లు వేసింది, నాలుగు ఇండికేటర్లూ వేసింది. ఫ్యాను అందుకునే దాకా ఆగింది. అందరూ చెవులు రిక్కించారు.

ప్లేటు హాయిగా తిరుగుతోంది. కంతల్లోంచి మంచు.

పదిహేను నిమిషాలు చూసింది. ఇరవై నిమిషాలు చూసింది. కాయిలు కాగుతోందే తప్ప పట్టు వదల్లేదు. ఇల్లు అలకగానే పండగ కాదని మేస్త్రీ గొణిగాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అది కోడల్ని ఇంకా భయపెట్టింది. ఆయన అప్పుడే ఆమె మీద జాలిపడుతున్నాడన్నమాట.

ఆమె కారు అంచు మీద చతికిలబడింది. రోడ్డు మీద ఆగింది. ఇక్కడ ఆగడం లేదు. అదే కారు, అవే లైట్లు, అదే వేడి. ఏమిటి తేడా?

మూలన చిన్నమామయ్య పంక్చరు ముక్క రుద్దుతూ, ఎవరితోనో కాదన్నట్టు తలెత్తకుండానే అన్నాడు. "ఈ షెడ్డులోకి వస్తే ఎంత రోగిష్టి బండైనా బాగైపోతుందమ్మా. నా తెల్లకారూ అంతే. గీత దాటి లోపలికొస్తే బంగారం. బయటికెళ్తే మళ్లీ మామూలే."

కోడలు తలెత్తింది.

గీత దాటి లోపలికొస్తే! లోపలికి రాగానే ఈ షెడ్డులో బండికి మొదట జరిగేది ఏమిటి? ఎవరూ ఆలోచించకుండా, రోజూ, ప్రతి బండికీ జరిగేది?

ఆమె చూపు బ్యాటరీ మీద పడింది. అక్కణ్ణుంచి నల్లతీగ వెంబడే పాకి, ఎడమ హెడ్‌లైటు పక్కనున్న బోల్టు దాకా వెళ్లింది.

ఒక్క ఉదుటున లేచి బోల్టు దగ్గరున్న క్లిప్పు పట్టుకుంది.

"దాన్ని ముట్టుకోకు!" మేస్త్రీ గర్జించాడు. అత్తగారు చీటీలు వదిలేసి లేచి నిలబడింది.

కోడలు క్లిప్పు పీకేసింది.

టక్. ప్లేటు వదిలేసింది.

 ఒక్క ఫ్యానే తిరుగుతోంది. కోడలు క్లిప్పు మళ్లీ తగిలించింది. టక్, ప్లేటు పట్టుకుంది. పీకింది. టక్, వదిలేసింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. "చూశారా మామయ్యా! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం! చూశారా!"

గీత అవతల కేకులమ్మకి ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది.

మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. మీటరు అందుకుని, ఒక పుల్ల బోల్టుకి, ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కి పెట్టాడు. తీగ లేనప్పుడు మూడు వోల్టులకు పైన చూపించింది. తీగ తగిలిస్తే సున్నా. ఆ తర్వాత ఆయనకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కరెంటుకి వచ్చే దారి ఎంత ముఖ్యమో తిరిగి వెళ్లే దారీ అంతే ముఖ్యం, ఆ వెళ్లే దారినే ఎర్త్ అంటారు. ఈ కారులో ఎడమ లైట్లకీ, ఫ్యానుకీ, ఏసీ కాయిలుకీ తిరిగి వెళ్లే దారి ఆ ఒక్క బోల్టే. దారి ఇరుకైతే ఒక్కటి నడిచినప్పుడు సరిపోతుంది. కేకులమ్మ లైట్లన్నీ వేసి చీమ నడక నడిస్తే, ఎదురుగాలి లేక ఫ్యానూ ఆగకుండా తిరిగి, అందరూ ఒకేసారి ఆ ఇరుకు సందులో పడతారు. అందరికంటే ముందు కాయిలు చేతులెత్తేస్తుంది. షెడ్డులో మేస్త్రీ తగిలించే బొటనవేలంత తీగ, అదే బోల్టుకి, రాజమార్గంలాంటి రెండో దారి.

"ముందు ఎప్పుడైనా ఎక్కడైనా గుద్దారా పెద్దమ్మా?" అని అడిగింది కోడలు.

"నేను గుద్దలేదు. స్తంభమే అడ్డం వచ్చింది. రంగు కూడా వేయించాను, చూడు ఎంత బాగుందో."

కోడలు బోల్టు విప్పింది. దాని కింద రేకు మీద దిట్టంగా నీలం రంగు. రంగు వేసినవాడు ఆరీ ఆరకముందే దాని మీదే బోల్టు బిగించి పంపాడు. రంగులోంచి కరెంటు ఎలా పోతుంది? ఆమె గరుకు కాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దింది, వైర్ల కొసలు రుద్దింది, బోల్టు బిగించి, తడి తగలకుండా గ్రీజు పూసింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. నల్లతీగ లేకుండా, లైట్లన్నీ వేసి, అరగంట నడిపించారు. ప్లేటు ఒక్కసారి కూడా వదల్లేదు. ఈసారి ఆ చల్లగాలిని కోడలు తిట్టుకోలేదు. మొహం దానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మూడింటికి పది నిమిషాలుండగా కేకులమ్మ కారు తీసుకుని కేకు ఎక్కించుకోవడానికి వెళ్లిపోయింది.

అక్కణ్ణుంచి షెడ్డులో ఎవరికీ పని సాగలేదు. అత్తగారు ఫోను బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. మేస్త్రీ ఊడ్చిన చోటే ఊడ్చాడు. అయిదింటికి ఫోను మోగింది. అత్తగారు ఎత్తి, వింటూ, వింటూ, ఊఁ కొడుతూ, ఎప్పటిలాగే అంతా ఓపిగ్గా విని పెట్టేసింది.

"ఏమంది?" అన్నాడు మేస్త్రీ.

"కేకు చేరింది" అంది అత్తగారు. కోడలి మొహం చూసి, తన రెండు ముక్కల అలవాటు గుర్తొచ్చి, "మొత్తం చెబుతానుండు. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయట. పైనున్న క్రీము పువ్వు రేకు కూడా వంగలేదట. కారులో చలికి ఆవిడకి తుమ్ములు పట్టుకున్నాయట. పెళ్లికూతురు వచ్చి కావలించుకుందట. నీకు రేపు ఒక కేకు తెస్తుందట, దారి పొడుగునా లైట్లు వేసుకుని" అంది. కోడలు అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి గిర్రున తిప్పింది. చీటీలు ఎగిరిపోయాయి.

ఆ సందడిలో మేస్త్రీ వెళ్లి నల్లతీగ తెచ్చాడు. చక్కగా చుట్టలు చుట్టాడు. గోడ దగ్గరికి వెళ్లి కొత్త మేకుకి తగిలించాడు.

"నా చట్టం నాకూ వర్తిస్తుంది. మూడుసార్లు బండిని తిప్పింది అమ్మాయి కాదు, ఇది" అన్నాడు.

చెయ్యి ఇంకా తీగ మీదే ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఒరేయ్. ఆ తెల్లకారు రోజున, తీగ ఒకసారి తీసి చూద్దామని నువ్వు అడిగావు కదూ?"

మూలన పంక్చరు రుద్దే చప్పుడు ఆగింది.

"అడిగాను" అన్నాడు తమ్ముడు.

"నేనేమన్నాను?"

"దాని మీద చెయ్యి వేస్తే చెయ్యి విరుగుతుందన్నావు."

మేస్త్రీ పాత మేకు నుంచి టెస్టరు దించాడు. తమ్ముడి దాకా నడిచి వెళ్లాడు.  "ఎనిమిదేళ్లురా. నీదేం తప్పు లేదు. తప్పు నాది. ఇంద" అని చేతిలో పెట్టాడు.

చిన్నమామయ్య చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుని అందుకున్నాడు. పక్కనున్న బ్యాటరీకి క్లిప్పు తగిలించి, మొన ప్లస్‌కి ఆనించాడు. పిడిలో చిట్టి బల్బు పసుపుపచ్చగా వెలిగింది.

"ఇన్నేళ్లయినా బల్బు పోలేదే!" అన్నాడు మేస్త్రీ ఆశ్చర్యంగా.

"పోయింది. రెండుసార్లు పోయింది. మార్చాను" అన్నాడు తమ్ముడు.

కోడలు వెళ్లి తన కరెంటు బల్ల మీద డబ్బాలన్నీ ఒక పక్కకి జరిపి, రెండో పక్క ఖాళీ చేసింది. "చిన్నమామయ్యా, ఇటు రండి. రేపు పొద్దున్నే ఒక బండి వస్తుంది, వైపర్లు వేస్తే హారన్ మోగుతోందట. నా ఒక్కదాని వల్ల కాదు" అంది.

చిన్నమామయ్య టెస్టరు జేబులో పెట్టుకుని లేచాడు.